మందు మానే మొదటి వారం: ఆస్పత్రిలో డీటాక్స్‌కు తయారీ నుంచి డిశ్చార్జి దాకా

"మా నాన్నని డీ అడిక్షన్‌లో చేర్పిద్దామనుకుంటున్నాం. లోపల ఏం చేస్తారండీ?" ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతుంటారు. దాని వెనకే ఇంకోటి వస్తుంది: "ఇంట్లోనే గదిలో పెట్టి తలుపేసి నాలుగు రోజులు కాపలా కాస్తే సరిపోదా?"

రోజూ గట్టిగా తాగే మనిషి విషయంలో సరిపోదు. ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. ఏళ్ల తరబడి మందుకు అలవాటైన మెదడు, అది ఒక్కసారిగా ఆగిపోతే అదుపు తప్పుతుంది. వణుకు, చెమటలు, ఫిట్స్, మతి తప్పడం వరసగా రావొచ్చు. మెదడు మళ్లీ సర్దుకునే దాకా, అంటే సుమారు వారం పది రోజులు, మనిషికి ఏమీ కాకుండా దాటించడమే డీటాక్స్.

ఎక్కువ ఇళ్లలో సమస్య మద్యమే కాబట్టి దాని గురించే వివరంగా రాస్తున్నాను. కల్తీ కల్లు, నిద్రమాత్రలు, నొప్పి మాత్రలు, గంజాయి దగ్గర లెక్క మారుతుంది. అది 7వ భాగంలో ఉంది. మందుల పేర్లు చెప్పాను గానీ మోతాదులు కావాలనే రాయలేదు. ఫోన్‌లో చూసి మెడికల్ షాపులో లిబ్రియం (డీటాక్స్‌లో ఇచ్చే మాత్ర) అడిగేవాళ్లు ఇప్పటికే చాలామంది ఉన్నారు.

## 1. చేర్పించాల్సిందేనా, ఇంటి నుంచే కుదురుతుందా

తాగే ప్రతి ఒక్కరికీ బెడ్ అక్కర్లేదు. తక్కువ తాగేవాళ్లకి, ఇంట్లో కనిపెట్టుకుని ఉండే మనిషి ఉంటే, రోజూ ఓపీకి తీసుకొస్తామంటే డాక్టర్ ఇంటి దగ్గరే నడిపిస్తారు. కింద ఉన్నవాటిలో ఒక్కటి ఉన్నా చేర్పించే మాట డాక్టర్‌తో మాట్లాడాల్సిందే.

- గతంలో మానినప్పుడు ఫిట్స్ వచ్చాయి, లేదా లేనివి కనిపించాయి, వినిపించాయి
- పొద్దున లేవగానే కాస్త పడందే చేతులు ఆడవు
- రోజుకు హాఫ్, అంతకు మించి, చాలాకాలంగా తాగుతున్నారు
- మందుతో పాటు నిద్రమాత్రలో, కల్లో కూడా ఉంది
- కామెర్లు, పొట్టలో నీరు, రక్తపు వాంతి, నల్లటి విరేచనం, షుగర్, గుండె జబ్బు, ఫిట్స్ జబ్బు
- ఈమధ్య కింద పడి తలకు దెబ్బ తగిలింది
- గర్భిణి, లేదా బాగా వయసు మళ్లినవారు
- "చచ్చిపోతా" అనే మాటలు వస్తున్నాయి
- ఇంట్లో రాత్రి మేలుకుని చూసేవాళ్లు లేరు

"మావాడు బీరే తాగుతాడు" అనే మాట దగ్గర ఒక లెక్క చెప్పాలి. 180 మిల్లీలీటర్ల విస్కీ క్వార్టర్‌లో 42.8 శాతం చొప్పున దాదాపు 60 గ్రాముల అసలు ఆల్కహాల్ ఉంటుంది. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో దాదాపు 40 గ్రాములు. మూడు సీసాల బీరు తాగినవాడు, హాఫ్ బాటిల్ తాగినవాడు ఒంటికి ఇచ్చింది ఒకటే.

మాల వేసుకునేవాళ్ల కోసం ఇంకో మాట. దీక్ష మొదలైన రోజే మందు పూర్తిగా ఆపి, రెండో రోజో మూడో రోజో భజనలో ఫిట్స్ వచ్చి పడిపోయినవాళ్లున్నారు. రోజూ తాగే అలవాటుంటే, మాల వేసుకునే తేదీకి రెండు వారాల ముందే డాక్టర్ని కలిసి డీటాక్స్ ముగించుకోండి. దీక్షకు అది అడ్డు రాదు, పైగా 41 రోజులూ ప్రశాంతంగా గడుస్తాయి.

కాలు విరిగో, ఆపరేషన్‌కో ఆస్పత్రిలో చేరినప్పుడూ ఇదే చిక్కు. బెడ్ మీద ఉన్నప్పుడు మందు దొరకదు కదా, మూడో రోజుకి మనిషి వింతగా మాట్లాడతాడు. "మత్తు ఇంజెక్షన్ పడలేదేమో" అని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. చేరిన రోజే డాక్టర్‌కి, మత్తు డాక్టర్‌కి ఎంత తాగుతారో చెప్పేస్తే ఇది ముందే ఆపొచ్చు.

## 2. ఎక్కడ చేర్పించాలి

మొదట అడగాల్సింది ప్రభుత్వ వైద్య కళాశాల ఆస్పత్రిలోనో, జిల్లా ఆస్పత్రిలోనో సైకియాట్రీ ఓపీ. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల అందరికీ తెలిసినవే. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో షాపులు మూసినప్పుడు మందు దొరక్క వణుకుతో, ఫిట్స్‌తో వచ్చినవాళ్లతో ఎర్రగడ్డ ఓపీ కిక్కిరిసిపోయింది.

మీ దగ్గర్లో ఏముందో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వ మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయండి. మానసిక సమస్యలకు టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు.

జాగ్రత్త పడాల్సింది "సెంటర్" అనే బోర్డు దగ్గర. పేరుకు పునరావాస కేంద్రం, లోపల డాక్టర్ ఉండడు. కారులో మనుషుల్ని పంపి, నిద్రపోతున్నవాణ్ణి ఎత్తుకెళ్లి గదిలో పడేస్తారు. అలాంటిచోట మూడో రోజు ఫిట్స్ వస్తే చూసే దిక్కుండదు. పునరావాసం మంచిదే, కానీ అది డీటాక్స్ తర్వాతి మెట్టు. వరస తప్పితే ప్రమాదం.

ఫోన్‌లోనే ఈ ప్రశ్నలు అడగండి.

- సైకియాట్రిస్ట్ రోజూ వస్తారా? రాత్రి డ్యూటీ డాక్టర్ ఉంటారా?
- రాత్రిపూట నర్సు ఎన్ని గంటలకోసారి బీపీ, నాడి చూస్తారు?
- ఫిట్స్ వస్తే ఇక్కడే చూస్తారా, వేరే ఆస్పత్రికి పంపిస్తారా? ఎక్కడికి?
- మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా?
- ఇంట్లోవాళ్లు ఉండొచ్చా? ఏ రోజు నుంచి చూడొచ్చు?
- మొత్తం ఖర్చులో మందులు, పరీక్షలు కలిసి ఉన్నాయా?

"మూడు నెలల దాకా ఎవరూ రాకూడదు, ఫోన్ కూడా చేయకూడదు" అని మొదటి మాటగా చెప్పేచోటు నాకైతే నచ్చదు.

ఇష్టం లేని మనిషిని చేర్పించొచ్చా అని అడుగుతారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం తాగుడు, మత్తు మందుల వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా మానసిక అనారోగ్యం కిందకే వస్తాయి. మనిషి తన మంచిచెడు తెలుసుకోలేని స్థితిలో ఉంటే, తనకో ఇతరులకో హాని జరిగేలా ఉంటే, నామినేటెడ్ ప్రతినిధి (పేషెంట్ తరఫున చట్టం గుర్తించే మనిషి) దరఖాస్తు మీద, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాక చేర్చుకుంటారు. అలా చేర్చుకున్నది మొదట 30 రోజుల వరకే. గొలుసులతో కట్టేయడం ఏ పరిస్థితిలోనూ చట్టం ఒప్పుకోదు. బుద్ధి సరిగ్గా ఉన్న మనిషి "నేను రాను" అంటే మాత్రం ఒప్పించడం తప్ప దారి లేదు. ఒప్పించడానికి పొద్దున పూట, వణుకుతో తన పరిస్థితి తనకే తెలుస్తున్నప్పుడు మాట్లాడితే ఎక్కుతుంది. రాత్రి తాగి ఉన్నప్పుడు చేసే ప్రమాణాలు లెక్కలోకి రావు.

## 3. వెళ్లే ముందు ఒక కాగితం రాయండి

ఈ మొత్తం తయారీలో అన్నిటికంటే పనికొచ్చేది ఇదే. ఓపీలో డాక్టర్‌కి దొరికేది కొద్ది నిమిషాలు. పక్కన పెద్దవాళ్లుంటే పేషెంట్ సగం దాస్తాడు, భార్య పరువు కోసం ఇంకో సగం దాస్తుంది. కాగితం మీద ఉంటే దాచడం కష్టం. ఇలా రాసుకోండి.

- ఏం తాగుతారు: విస్కీ, పొద్దున నైంటీ, సాయంత్రం హాఫ్. ఆదివారం ఎక్కువ.
- ఎన్నాళ్లుగా: పన్నెండేళ్లు. పొద్దున తాగడం రెండేళ్లుగా.
- చివరిసారి ఎప్పుడు: ఈ రోజు పొద్దున ఆరు గంటలకు, నైంటీ.
- ఇంతకుముందు మానినప్పుడు: రెండుసార్లు మానారు. రెండోసారి ఫిట్స్ వచ్చాయి, రెండో రోజు రాత్రి.
- మాత్రలు: ఆల్ప్రాజోలం ఆర్‌ఎంపీ ఇచ్చింది, రాత్రి రెండు. షుగర్ మాత్ర. బీపీ మాత్ర, సరిగ్గా వేసుకోరు.
- ఇతరం: రోజుకో పెట్టె సిగరెట్లు, గుట్కా.
- జబ్బులు, దెబ్బలు: పది రోజుల కింద బండి మీంచి పడ్డారు, తల వెనక వాపు.
- తిండి: నెల రోజులుగా సరిగ్గా అన్నం తినడం లేదు.

"చివరిసారి ఎప్పుడు" అన్న వరస దగ్గర గంట కూడా రాయండి. వార్డులో లెక్కంతా అక్కణ్ణుంచే మొదలవుతుంది. తలకు దెబ్బ సంగతి చిన్నదనుకుని వదిలేయకండి. తాగేవాళ్లకి తలలో నెమ్మదిగా రక్తం గూడుకట్టే ప్రమాదం ఎక్కువ, అది కూడా అయోమయంలాగే కనిపిస్తుంది. స్కాన్ తీయాలా వద్దా అన్నది ఆ ఒక్క వాక్యం మీద ఆధారపడొచ్చు.

బ్యాగులో పెట్టాల్సినవి
- ఆధార్, ఆరోగ్య కార్డు, ఇన్సూరెన్స్ ఉంటే ఆ కాగితాలు
- పాత రిపోర్టులు, వాడుతున్న మాత్రల స్ట్రిప్పులు
- వదులు బట్టలు ఎక్కువ జతలు (చెమటలకు తడిసిపోతాయి), తువ్వాళ్లు
- జారని చెప్పులు, కళ్లద్దాలు, ఒక గడియారం

వద్దు
- సెంటు, మౌత్‌వాష్, శానిటైజర్. తాగడానికి ఏదైనా దొరికితే చాలనుకునే గంటలుంటాయి. 2020లో ప్రకాశం జిల్లా కురిచేడులో మందు దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు.
- బ్లేడ్లు, ఎక్కువ డబ్బు, ఏటీఎం కార్డు

ఇన్సూరెన్స్ వాళ్లు "తాగుడు కేసు కవర్ కాదు" అనొచ్చు. మానసిక అనారోగ్యానికి కూడా శారీరక జబ్బుతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 చట్టం చెబుతోంది, కానీ పాలసీ షరతులు వేరుగా ఉండొచ్చు. ముందే అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకోండి.

## 4. చేరే రోజు

మొదటి నియమం: ఆస్పత్రిలో చేరే దాకా సొంతంగా ఒక్కసారిగా ఆపకండి. "ఎలాగూ సోమవారం చేరుతున్నాడు, శనివారం నుంచే మానిపిద్దాం" అనుకుంటే ఆదివారం రాత్రి ఇంట్లోనే ఫిట్స్ రావొచ్చు. అలాగని "ఇదే ఆఖరు" అని పీకలదాకా తాగించి తీసుకెళ్లడమూ పొరపాటే. బాగా తాగి ఉన్న మనిషికి మత్తు తగ్గే దాకా వైద్యం మొదలుపెట్టడం కష్టం.

పొద్దున ఓపీ వేళకు వెళ్లండి. బండి ఆయన్ని నడపనివ్వకండి.

అక్కడ జరిగే వరస దాదాపు ఇలా ఉంటుంది. బీపీ, నాడి, జ్వరం, ఆక్సిజన్, వేలికి గుచ్చి షుగర్. తర్వాత రక్తం: కాలేయం, కిడ్నీ, ప్లేట్‌లెట్లు, సోడియం, పొటాషియం, వీలైతే మెగ్నీషియం. ఈసీజీ, పొట్ట స్కాన్. హెపటైటిస్, హెచ్‌ఐవీ పరీక్షలు కూడా అడుగుతారు, కంగారు పడాల్సింది లేదు.

నర్సు చేతులు ముందుకు చాపమంటుంది, వేళ్లు విడదీయమంటుంది. వణుకు కంటికి కనబడుతోందా, వేలికి వేలు ఆనిస్తేనే తెలుస్తోందా చూస్తుంది. అరచేతి చెమట చూస్తుంది. "ఇవ్వాళ ఏ వారం? ఇదెక్కడ?" అని అడుగుతుంది. "నాకు పిచ్చా?" అని కోపం వస్తుంది చాలామందికి. సీవా అనే పది ప్రశ్నల స్కోరు షీటు అది. వికారం, వణుకు, చెమట, ఆందోళన, తలనొప్పి, చూపు, వినికిడి లాంటి వాటికి మార్కులు వేస్తారు, మొత్తం 67. స్కోరు పెరిగితే మాత్రల మోతాదు పెంచుతారు, తగ్గితే తగ్గిస్తారు. రాత్రి లేపి మరీ అడిగితే విసుక్కోకుండా జవాబు చెప్పమని పేషెంట్‌కి ముందే చెప్పి ఉంచండి.

## 5. గంటల లెక్కన ఏం జరుగుతుంది

కింది గంటలు చివరిసారి తాగినప్పటి నుంచి. మనిషిని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది.

6 నుంచి 12 గంటలు. వణుకు, చెమట, గుండె దడ, వికారం, నిద్ర పట్టకపోవడం, ఊరికే టెన్షన్. రక్తంలో ఇంకా కొంత మందు ఉండగానే ఇది మొదలు కావొచ్చు.

12 నుంచి 24 గంటలు. కొందరికి లేనివి కనిపిస్తాయి, ఎవరో పిలిచినట్టు వినిపిస్తుంది. కానీ తానెక్కడున్నాడో తెలుస్తూనే ఉంటుంది.

6 నుంచి 48 గంటలు. ఫిట్స్ రావడానికి ఎక్కువ అవకాశం ఉన్న సమయం. ఇంట్లో మాన్పించేవాళ్లు పసిగట్టలేనిది ఇదే. ముందు హెచ్చరిక లేకుండా రావొచ్చు.

48 నుంచి 96 గంటలు. డెలీరియం, అంటే మతి తప్పడం. దీనికి విడిగా ఒక భాగం రాశాను.

5వ రోజు నుంచి. ఆకలి మొదలవుతుంది, వణుకు తగ్గుతుంది. నిద్ర మాత్రం వారాల తరబడి సరిగ్గా ఉండదు.

ఈ రోజుల్లో ఇచ్చే ముఖ్యమైన మందు క్లోర్‌డయాజిపాక్సైడ్, లిబ్రియం అనేది దాని పాత బ్రాండ్ పేరు. కాలేయం బాగా దెబ్బతిన్నవారికి, వయసు మళ్లినవారికి లోరాజిపామ్ వాడతారు. మొదటి రోజుల్లో ఎక్కువ ఇచ్చి, వారం పది రోజుల్లో మెట్లు దిగినట్టు తగ్గించి ఆపేస్తారు.

"నిద్రమాత్రలిచ్చి పడేస్తున్నారు, దీనికి ఆస్పత్రెందుకు?" అని ఇంట్లోవాళ్ల ఫిర్యాదు. మెదడులో మద్యం పట్టుకునే చోటునే ఈ మాత్ర కూడా పట్టుకుంటుంది. అందుకే ఫిట్స్ ఆగుతాయి. పిలిస్తే పలికి, నీళ్లు తాగి మళ్లీ పడుకుంటున్నాడంటే సరిగ్గా నడుస్తోందన్నమాట. గట్టిగా కదిపినా లేవకపోతే, ఊపిరి నెమ్మదించినట్టనిపిస్తే అప్పుడు సిస్టర్ని పిలవండి.

రెండోది బీ1 విటమిన్, థయమిన్. తాగేవాళ్ల ఒంట్లో ఇది బాగా తరిగిపోయి ఉంటుంది. ఇంజెక్షన్‌గా ఇస్తారు. చూడటానికి మామూలు బలం ఇంజెక్షన్‌లా ఉంటుంది గానీ, దీని లోటు వల్లే కళ్లు అటూ ఇటూ కొట్టుకోవడం, నడక తూలడం, అయోమయం వస్తాయి. దాన్ని వెర్నికీ జబ్బు అంటారు. సమయానికి ఇవ్వకపోతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు. ఊళ్లో "నీరసంగా ఉన్నాడు, ఒక గ్లూకోజ్ ఎక్కించండి" అని ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ పెట్టిస్తారు చూడండి, బీ1 లేకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కాస్త బీ1 కూడా ఖర్చయిపోయి ఈ జబ్బు బయటపడొచ్చు. వార్డులో ముందు థయమిన్ ఇచ్చి తర్వాత గ్లూకోజ్ పెట్టేది అందుకే.

## 6. మూడో రోజు రాత్రి

కుటుంబాలు బెదిరిపోయేది ఇక్కడే. చేరినవాళ్లందరికీ రాదు, కొద్దిమందికే వస్తుంది. అయినా ఎలా ఉంటుందో ముందే తెలిసి ఉండాలి.

పగలంతా బాగానే ఉన్నాడు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి దుప్పటి మీద ఏదో ఏరుతుంటాడు. "చీమలు, చీమలు" అంటాడు. గోడ మీద ఎవరో నడుస్తున్నారంటాడు. తన పని చేసుకుంటాడు: ఆటో డ్రైవర్ బెడ్ మీద కూర్చుని హ్యాండిల్ తిప్పుతుంటాడు, టైలర్ లేని సూదిలో లేని దారం ఎక్కిస్తాడు, నోటితో తడి చేసి మరీ. కూతుర్ని పట్టుకుని "సిస్టర్, బిల్లు ఎంత?" అంటాడు. చెమటలు, జ్వరం, నాడి పరుగు.

ఇది దెయ్యమూ కాదు, చేతబడీ కాదు, ఆస్పత్రి మందులు పడకపోవడమూ కాదు. డెలీరియం ట్రెమెన్స్ దీని పేరు. వైద్యం లేకుండా వదిలేస్తే ప్రాణాలు పోతాయి, సరైన వైద్యంతో చాలావరకు మూడు నుంచి ఐదు రోజుల్లో తగ్గుతుంది. తగ్గాక చాలామందికి ఆ రోజులే గుర్తుండవు.

పక్కనున్నవాళ్లు చేయాల్సింది:

- వెంటనే సిస్టర్‌కి చెప్పండి. "కాస్త చూద్దాం" వద్దు.
- గదిలో చిన్న లైటు ఉంచండి. పూర్తి చీకటిలో భ్రమలు పెరుగుతాయి.
- ఒక్కరే మాట్లాడండి. చిన్న మాటలు: "నాన్నా, ఇది ఆస్పత్రి. నేను రాజుని. రాత్రి పది అయింది."
- "చీమల్లేవు" అని వాదించకండి. "ఉన్నాయి, చంపుతా" అని కూడా అనకండి. "నాకు కనబడటం లేదు, నేనిక్కడే ఉన్నా" చాలు.
- చుట్టాలందర్నీ పిలిపించి బెడ్ చుట్టూ నిలబెట్టకండి.
- కళ్లద్దాలు పెట్టండి, గడియారం కనబడేలా ఉంచండి.

లేచి పరిగెత్తి కింద పడే ప్రమాదం ఉంటే, సెలైన్ పీకేస్తుంటే, కొద్దిసేపు మెత్తటి బట్టతో చేతులు కట్టొచ్చు. చూడ్డానికి బాధగానే ఉంటుంది. అది వేరే దారి లేనప్పుడు, సైకియాట్రిస్ట్ అనుమతితో, రికార్డులో రాసి చేయాల్సిన పని. నామినేటెడ్ ప్రతినిధికి 24 గంటల్లోగా చెప్పాలని చట్టం. ఎందుకు కట్టారు, ఎప్పుడు విప్పుతారు అని మీరు అడగొచ్చు, అడగండి కూడా.

ఫిట్స్ వస్తే: పక్కకి తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తటిది పెట్టండి, టైమ్ చూడండి. తాళాలగుత్తి చేతిలో పెట్టకండి, నోట్లో చెంచా, నీళ్లు పెట్టకండి. ఇంట్లో అయితే తగ్గినా తగ్గకపోయినా 108.

## 7. మద్యం కాకపోతే ఏం మారుతుంది

కల్తీ కల్లు. తెలంగాణలో ఇది ప్రత్యేకంగా చెప్పాలి. చెట్టు కల్లు వేరు, ఆల్ప్రాజోలం, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లు వేరు. రెండో రకం తాగేవాడికి అసలు అలవాటు నిద్రమందుకి. 2015లో కల్తీ కల్లు మీద దాడులు పెరిగి సరఫరా ఆగినప్పుడు నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఫిట్స్‌తో, వింత ప్రవర్తనతో జనం ఆస్పత్రులకు వచ్చారు. వాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. మీ ఇంట్లో అమ్మో అత్తమ్మో రోజూ సాయంత్రం కల్లు తాగుతుంటే, అది దొరకని రోజు వణుకు, చిరాకు, నిద్రలేమి ఉంటే, "కల్లే కదా" అనుకోకండి. ఏ దుకాణం నుంచి, రోజుకు ఎన్ని సీసాలు అన్నది కాగితంలో రాయండి.

నిద్రమాత్రలు. వీటి డీటాక్స్ వారంలో తేలదు. వారాలు, ఒక్కోసారి నెలల పాటు కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. ఆల్ప్రాజోలం ఆపితే ఒకటి రెండు రోజుల్లో, డయాజిపామ్ అయితే వారం తర్వాత కూడా లక్షణాలు రావొచ్చు. "ఐదు రోజులైంది, ఏం కాలేదు" అని ధీమా పడకండి.

హెరాయిన్, ట్రమడాల్, నొప్పి ఇంజెక్షన్లు. ఒళ్లంతా నొప్పులు, ముక్కు కారడం, ఆవలింతలు, విరేచనాలు, రోమాలు నిక్కబొడుచుకోవడం. రెండు మూడో రోజున తారస్థాయికి వెళుతుంది. నరకంలా ఉంటుంది గానీ ఆరోగ్యవంతుడికి సాధారణంగా ప్రాణాపాయం ఉండదు. ట్రమడాల్ మాత్రం ఫిట్స్ తెప్పించగలదు. బ్యూప్రినార్ఫిన్ అనే మాత్ర నాలుక కింద పెడతారు. మొదటి మోతాదు లక్షణాలు స్పష్టంగా మొదలయ్యాకే ఇవ్వాలి, ముందే ఇస్తే బాధ ఒక్కసారిగా పదింతలవుతుంది. ఇక్కడ "చివరిసారి ఎప్పుడు" గురించి అబద్ధం చెబితే నష్టపోయేది పేషెంటే.

అసలు ప్రమాదం డిశ్చార్జి తర్వాత ఉంది. వారం రోజులు మానేసరికి ఒళ్లు పాత మోతాదుని తట్టుకోలేదు. మళ్లీ పాత లెక్కనే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. అందుకే వీళ్లకి ఒట్టి డీటాక్స్ చేసి ఇంటికి పంపడం కంటే, బ్యూప్రినార్ఫిన్ చాలాకాలం కొనసాగించడమే మంచిదని డాక్టర్లు చెబుతారు. "ఒక మత్తు మానిపించి ఇంకోటి అలవాటు చేస్తున్నారు" అని దాన్ని మధ్యలో ఆపించకండి.

గంజాయి. చిరాకు, నిద్రలేమి, ఆకలి లేకపోవడం, పీడకలలు, రెండు వారాల దాకా. చాలావరకు ఓపీలోనే నడుస్తుంది. అనుమానాలు, తనలో తాను మాట్లాడుకోవడం ఉంటే చేర్పించాలి.

పోలీసు కేసు భయంతో కుర్రాళ్ల తల్లిదండ్రులు వెనక్కి తగ్గుతుంటారు. వైద్యం చేయించుకోవడం నేరం కాదు. వాడుకున్నందుకో, తక్కువ పరిమాణం దొరికినందుకో కేసు ఉన్నవాళ్లు సైతం స్వచ్ఛందంగా ప్రభుత్వ లేదా గుర్తింపు ఉన్న కేంద్రంలో వైద్యం తీసుకుంటే ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టంలోని 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది. కేసు ఉంటే లాయర్‌తో ఈ సెక్షన్ పేరెత్తండి.

## 8. తరచూ జరిగే పొరపాట్లు

నాలుగో రోజే ఇంటికి తీసుకెళ్లడం. వణుకు తగ్గింది, ఇడ్లీ తిన్నాడు, "నేను బాగున్నా, పొలం పనులున్నాయి" అంటాడు. ఇంట్లోవాళ్లకీ బిల్లు భయం. మాత్రల మెట్లు సగంలో ఉండగా వెళితే ఫిట్స్ మళ్లీ రావొచ్చు. *ఏం చేయాలి:* చేరేటప్పుడే "కనీసం పది రోజులు" అనుకుని పనులు, డబ్బు సర్దుకోండి. వెళ్లక తప్పదంటే సంతకం పెట్టి వెళ్లిపోకుండా, మిగతా మాత్రల చీటీ, మర్నాటి ఓపీ తేదీ అడిగి తీసుకోండి.

చాటుగా మందు తెచ్చివ్వడం. బాధ చూడలేక స్నేహితుడు కూల్‌డ్రింక్ సీసాలో కలిపి తెస్తాడు. లిబ్రియం మీద మద్యం పడితే ఊపిరికే ముప్పు. *ఏం చేయాలి:* మొదటి ఐదు రోజులు ఇద్దరు ముగ్గురిని మించి ఎవర్నీ రానివ్వకండి. జరిగిపోయి ఉంటే దాచకుండా సిస్టర్‌కి చెప్పండి, తిట్టినా పర్లేదు.

అన్నంలో పొడి కలపడం. "తెలియకుండా తాగుడు మానిపించే మందు" అని అమ్మే పొడుల్లో ఏముందో చెప్పలేం. డైసల్ఫిరామ్ అనే మాత్రని ఇలా కలిపేవాళ్లున్నారు. అది తింటూ తాగితే ముఖం ఎర్రబడి, బీపీ పడిపోయి, గుండె జబ్బున్నవాళ్లు చనిపోవచ్చు కూడా. ఆపిన రెండు వారాల దాకా దాని ప్రభావం ఉంటుంది. *ఏం చేయాలి:* ఇప్పటికే కలిపి ఉంటే చేరే రోజే డాక్టర్‌తో విడిగా చెప్పండి. ఆ మాత్ర మంచిదే, పేషెంట్‌కి తెలిసి, ఒప్పుకుని వేసుకుంటే.

మిగిలిన లిబ్రియం దాచుకోవడం. "నిద్ర పట్టనప్పుడు పనికొస్తుంది" అని. దీనికీ అలవాటు పడతారు. మాత్రలు ఇంట్లో ఒకరి దగ్గరే ఉండాలి, ఏ రోజువి ఆ రోజు ఇవ్వాలి.

అదే వారంలో లెక్కలు తేల్చడం. అప్పులు, పొలం కాగితాలు, పాత గొడవలు బెడ్ పక్కన తీయొద్దు. ఆ వారంలో మాట్లాడినవి చాలావరకు ఆయనకి గుర్తుండవు కూడా.

## 9. డిశ్చార్జి రోజు

డీటాక్స్ అయిపోతే తాగుడు మానినట్టు కాదు. తాగాలన్న కోరిక డీటాక్స్‌తో పోదు, ముఖ్యంగా సాయంత్రం ఆరు దాటాక. డిశ్చార్జి కాగితం చేతికి వచ్చేముందు ఇవి అడిగి, జవాబులు రాసుకోండి.

- మిగతా మాత్రలు ఏ తేదీకి పూర్తిగా ఆగాలి?
- కోరిక తగ్గించే మందు ఏదైనా ఇస్తున్నారా? (అకాంప్రోసేట్, నాల్ట్రెక్సోన్ లాంటివి ఉన్నాయి. కాలేయం దెబ్బతిన్నవారికి బాక్లోఫెన్ వాడటమూ ఉంది. ఏది అన్నది రిపోర్టులు చూసి డాక్టర్ చెబుతారు.)
- బీ1 మాత్రలు ఎన్నాళ్లు?
- మొదటి ఓపీ ఎప్పుడు? వారంలోపే ఉండాలి.
- కౌన్సెలింగ్ ఇక్కడేనా? ఇంట్లోవాళ్లకి కూడా ఉందా?
- పునరావాస కేంద్రం అవసరమా? అవసరమైతే ఆస్పత్రి నుంచి నేరుగా వెళ్లొచ్చా?
- కాలేయం పరీక్ష మళ్లీ ఎప్పుడు?

ఇంటికి చేరకముందే ఇంట్లోని సీసాలన్నీ తీసేయండి, అతిథుల కోసం బీరువాలో పెట్టినవి కూడా. మొదటి నెల జీతం ఎవరి చేతికి రావాలో ఆయనతోనే మాట్లాడి ఒప్పుకోండి. పెళ్లిళ్లు, దావత్‌లు కొన్నాళ్లు మీరే వెళ్లిరండి. ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులు తెలుగులో కూడా జరుగుతాయి, డబ్బు తీసుకోరు. ఆయనతో పాటు మొదటిసారి మీరూ వెళ్లండి.

మళ్లీ తాగితే? చాలామంది తాగుతారు. ఒక్కసారి తాగాడని అరిచి గదిలో పెట్టి మాన్పించకండి. మానడం, మొదలెట్టడం తిరిగి తిరిగి జరిగినకొద్దీ మానినప్పటి లక్షణాలు తీవ్రం కావొచ్చు. పోయినసారి వణుకుతో పోయింది ఈసారి ఫిట్స్ కావొచ్చు. ఒకటి రెండు రోజులే తాగి ఉంటే మర్నాడే ఓపీకి వెళ్లండి. పొద్దున తాగే దాకా వచ్చి ఉంటే 3వ భాగంలోని కాగితం తీసి, "ఇంతకుముందు మానినప్పుడు" అన్న వరసలో ఈసారి సంగతి చేర్చి, అదే ఆస్పత్రికి ఫోన్ చేసి బెడ్ అడగండి.